చేతిబ్రేకు

కారుకు బ్రేకులు రెండు విధాలు. ఒకటి కాలి క్రింద ఉంటుంది, మరొకటి చేతికి అందుతుంది. వీటి భేదం కాలుసేతుల భేదమే అయితే ఇంత వ్రాయవలసిన పని లేదు. కాలిబ్రేకు మనిషి ఉన్నంతసేపే పనిచేస్తుంది. పాదం ఎత్తగానే దాని బాధ్యత తీరిపోతుంది. చేతిబ్రేకు కొలువు మాత్రం మనిషి బండి దిగి, తలుపు వేసి, తాళంచెవి జేబులో వేసికొని ఇంటిలోనికి పోయిన తరువాతనే ఆరంభమవుతుంది. యజమాని నిద్రించే వేళ మేలుకొని ఉండేది అదే. అందుచేతనే దానిని తలచేవారు తక్కువ. చక్కగా పనిచేసే కావలివానిని ఎవరు తలచుకుంటారు?

చట్టం మాత్రం తలచింది. 1988నాటి మోటారు వాహనాల చట్టంలోని 126వ సెక్షను ప్రకారం, బహిరంగ స్థలంలో నిలిపిన బండిలో లైసెన్సు గలవాడొకడు డ్రైవరు సీటులో ఉండాలి. లేదా ఇంజను ఆపి, బ్రేకు వేసి గాని, తగిన మరో ఏర్పాటు చేసి గాని, డ్రైవరు లేని సమయాన బండి తనంతట తాను కదలకుండా చూసి ఉండాలి. లేని మనిషికి బదులు ఏదో ఒకటి అక్కడ ఉండాలన్నది దీని సారాంశం. ఈ మాట ముస్లిముల ఇండ్లలో పుట్టినవారికి క్రొత్త కాదు. ఒంటెను కట్టి దైవంపై భారం వేయవలెనా, విడిచిపెట్టి వేయవలెనా అని అడిగిన మనిషితో ప్రవక్త (స) ముందు కట్టమని, ఆపైన భారం వేయమని చెప్పిన వృత్తాంతం తిర్మిజీ హదీసు సంకలనంలో ఉన్నది. మా చిన్నతనంలో పరీక్షల ముందు చదవకుండా దుఆ మాత్రమే చేసే పిల్లలకు ఇంటి పెద్దలు ఈ కథ చెప్పేవారు. ఒంటెలు లేని ఊళ్ళలో ఆ త్రాడు పని చేసేది చేతిబ్రేకే.

తెలుగు చెప్పుకొని బ్రతికేవారము గనుక మాటను గురించి ఒక మాట. "చేతిబ్రేకు" అన్నది మేము కూర్చుకొన్న సమాసం. కడప షెడ్లలో అందరూ "హ్యాండ్ బ్రేక్" అనే అంటారు. ఆ షెడ్లలోని భాషను వినవలసినదే. పనిముట్లకు పానా, పేచ్‌కస్, హథోడీ అని ఉర్దూ పేర్లు. భాగాలకు డ్రమ్ము, షూ, లైనింగు, కేబుల్ అని ఇంగ్లీషు పేర్లు. వాటిని బిగించడం, వదులు చేయడం, సవరించడం అన్నీ తెలుగు క్రియలు. మూడు భాషలూ ఒకే వాక్యంలో కలహించకుండా కూర్చుంటాయి. భాషాసభలలో ఇంత సామరస్యం మేము చూడలేదు.

ఇక విషయానికి వస్తాము. మా ఇంట ఉన్నది పాత మారుతి 800. ఈ కారు 1983లో రోడ్డెక్కి, 2014లో తయారీ ఆగిపోయిన సంగతి పాఠకులకు తెలిసినదే. కర్మాగారం మానినా ఊరు మానలేదు. దాని భాగాలు ఇప్పటికీ బజారులో దొరుకుతాయి. మేము ఉండే వీధి బుగ్గవంక వైపు దిగుతుంది. పెద్ద వాలు కాదు, ఇరవై అడుగులకు ఒక అడుగు ఉండవచ్చు. కాని లెక్క వేసి చూడండి. బండి బరువు సుమారు 650 కిలోలు. ఆ వాలుపై దానిని క్రిందికి లాగే శక్తి అందులో ఇరవయ్యవ వంతు, అనగా ముప్పది రెండు కిలోలకు పైమాట. ఒక పడుచువాడు రాత్రింబవళ్ళు అలుపు లేకుండా వెనుకనుండి నెట్టుతూ నిలుచున్నట్లే. అదే గువ్వలచెరువు కనుమవంటి చోట పదికి ఒకటి వాలు తగిలితే ఇది రెట్టింపవుతుంది. లోడు లారీ కనుమలో ఆగినప్పుడు క్లీనరు కుర్రవాడు కొయ్యదిమ్మె పట్టుకొని చక్రం క్రిందికి దూకడం మనలో చాలామంది చూసినదే. వాని ప్రాణం, వెనుకవచ్చే బండ్ల ప్రాణం ఆ దిమ్మె మీద ఆధారపడి ఉంటుంది.

మా బండి చేతిబ్రేకు కొన్ని నెలలుగా ఎక్కువ ఎత్తు లేస్తూ వచ్చింది. బాగున్న బ్రేకు అయిదారు టిక్కులలో బిగుసుకుంటుంది. ఇది ఎనిమిదికి, తరువాత పదికి చేరింది. కడపటికి పిడిని మొత్తం ఎత్తినా బండి నెమ్మదిగా జరుగుతున్నదని తెలియగానే గేరులో నిలిపి, చక్రం క్రింద రాయి పెట్టి, భాగాల కొరకు బజారుకు పోయి వచ్చినాము. రెండవనాటి సాయంకాలం రాయి కనబడలేదు. వీధి పిల్లలు దానిని క్రికెట్టు వికెట్టుగా నిలబెట్టుకొన్నారు. బండి గేరు ఆధారంగా నిలిచి ఉన్నది, దానికి దిగువన ఆరుగురు పిల్లలు ఆడుతున్నారు. ఆ శుక్రవారమే పని పూర్తి చేయవలెనని నిశ్చయించినాము.

షెడ్డుకు పంపక ఇంటివద్ద ఎందుకని అడగవచ్చును. మా వీధి పైభాగంలో నివసించే ఉస్తాద్ గారు నలభై ఏళ్ళు షెడ్డు నడిపి, ఆయాసం వలన మూసివేసినారు. వారి శాగిర్దు ఒకడు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం వరకు మా తరగతిలో కూర్చున్నవాడు. ఛందస్సు రాలేదు గాని చెవి గొప్పది. పద్యం చదువుతుంటే యతి తప్పిన చోట తల ఎత్తేవాడు. ఇప్పుడు అదే చెవితో ఇంజనుల జబ్బు కనిపెడుతున్నాడు. శుక్రవారం అతనికి సెలవు. జుమాకు ముందే ముగించవచ్చునని తెల్లవారి ఏడు గంటలకే పానాలతో వచ్చినాడు.

చేతిబ్రేకు బాగుచేయడానికి ముందు దానిని వదలివేయవలె. బిగించి ఉంటే డ్రమ్ము ఊడి రాదు. అనగా ఏ కావలివానికి చికిత్స చేస్తున్నామో అతనిని ముందుగా కొలువునుండి తప్పించి, ఆ కొలువును రాళ్ళకు అప్పగించాలి. అందుకని బండిని వీధి చివరనున్న చదునైన చోటికి తెచ్చి, ముందు చక్రాలకు రెండు ప్రక్కలా ఇటుకలు పెట్టి, మొదటి గేరులో ఉంచినాము. చక్రపు నట్లను నేలమీద ఉండగానే సడలించి తరువాత జాకీ ఎత్తాలి. ఎత్తిన పిమ్మట జాకీని నమ్మకూడదు. గట్టి స్టాండు పెట్టకుండా బండి క్రింద చేయి గాని కాలు గాని పెట్టరాదు. కుర్రవాడు ఇదంతా నోటితో చెప్పలేదు, వరుసగా చేసి చూపినాడు. మేము తరగతిలో చెప్పేది చాలా, చేసి చూపేది తక్కువ.

వెనుక చక్రం తీసిన తరువాత లోపల గుండ్రని ఇనుపడబ్బా వంటిది కనబడుతుంది. అదే డ్రమ్ము. ఈ పద్ధతిని ఫ్రాన్సు దేశపు లూయీ రెనో 1902లో వాడుకలోనికి తెచ్చినాడు. శతాబ్దం గడచినా చిన్న కార్ల వెనుక చక్రాలలో నేటికీ ఇదే ఉన్నది. మధ్యనున్న మూత తీసి నట్టు విప్పినా మా డ్రమ్ము కదలలేదు. ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి లోపలి అంచున మెట్టు వంటిది ఏర్పడి షూలను పట్టుకొని ఉన్నది. కొయ్యసుత్తితో చుట్టూ సమంగా కొడుతూ పోతే పావుగంటకు ఒప్పుకొన్నది. ఇనుపసుత్తితో ఒకే చోట బాదితే పగులుతుందట.

రెండు ప్రక్కలా ఒకేసారి విప్పకూడదన్నది ఈ పనిలో పెద్ద నియమం. లోపల రెండు నెలవంకల వంటి షూలు, వాటిని దగ్గరకు లాగే స్ప్రింగులు, వెనుక పలకకు అదిమి ఉంచే సన్నని పిన్నులు, నడుమ అడ్డంగా ఒక పట్టీ, క్రింద కేబుల్ కొన తగిలించే మీట ఉంటాయి. ఏ స్ప్రింగు ఏ రంధ్రంలోనిదో విప్పేటప్పుడు తెలిసినట్లే ఉంటుంది, తిరిగి అమర్చేటప్పుడు మాయమవుతుంది. రెండవ చక్రం విప్పకుండా ఉంటే దానిని చూసి దీనిని సరిదిద్దుకోవచ్చు. తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితులు మూలప్రతిని ప్రక్కన పెట్టుకొనేది ఇందుకే. ఎడమ చక్రం కుడిదానికి అద్దంలోని బొమ్మ వంటిది కావడం ఒక్కటే చిక్కు; దానికి కొంచెం ఊహ కావాలి.

మరొక జాగ్రత్త ఉన్నది. డ్రమ్ము తీసి ఉన్నప్పుడు ఎవరైనా కాలిబ్రేకు నొక్కితే లోపలి సిలిండరులోని పిస్టన్లు బయటికి తోసుకొని వస్తాయి, బ్రేకు ద్రవం కారిపోతుంది. క్రికెట్టు బృందంలో నలుగురు అప్పటికే స్టీరింగు వద్ద చేరి ఉన్నారు. వారిని దించి, తలుపులకు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకొన్నాము.

చేతిబ్రేకు పనిచేసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. సీట్ల నడుమ పిడిని ఎత్తితే కేబుల్ బిగుస్తుంది. అది వెనుక షూకు తగిలించిన మీటను లాగుతుంది. మీట అడ్డపట్టీని ఆనుకొని ముందు షూను నెట్టుతుంది. నెట్టిన దెబ్బకు తన వెనుక షూ కూడా ఎదురువైపుకు జరుగుతుంది. రెండూ డ్రమ్ము గోడలకు అదుముకుంటాయి. ఇక్కడ నూనె లేదు, ద్రవం లేదు, ఇంజను సాయం లేదు. కాలిబ్రేకు గొట్టం తెగి ద్రవమంతా కారిపోయినా ఇది పనిచేస్తుంది. ఇప్పటి క్రొత్త కార్లలో పిడి పోయి మీట వచ్చింది. వ్రేలితో నొక్కితే విద్యుత్తు మోటారు బిగిస్తుంది. సుఖమే. అయినా తన చేయి ఎంత లాగితే అంత బిగుసుకొన్నదని చేతికే తెలిసే ఆ సంబంధం మాకు ఇష్టం.

షూలు తీసి చూస్తే ముందుదాని లైనింగు గోరంత మందం కూడా లేదు. వెనుకదానికి కొంత మిగిలి ఉన్నది. తిరిగే డ్రమ్ము ముందు షూను తనలోనికి లాగుకొంటుంది గనుక అది ఎక్కువ శ్రమించి ముందుగా అరుగుతుంది. ఇంటికి పెద్దకొడుకు వంటిదన్నమాట.

అప్పుడు జరిగినది చెప్పడానికే ఈ వ్యాసం. డ్రమ్ములో, పలకమీద సన్నని నల్లధూళి పేరుకొని ఉన్నది. కుర్రవాడు డ్రమ్మును రెండు చేతులా ఎత్తి, ముఖానికి దగ్గరగా పెట్టుకొని, ఊపిరి నిండా పీల్చి ఊదబోయినాడు. మేము చేయి అడ్డం పెట్టినాము.

"ఊదకుంటే దుమ్ము ఎట్ల పోతాది సార్?" అన్నాడు.

"తడిగుడ్డతో తుడుద్దాము బేటా."

"ఇన్నేండ్లు ఊదితిమి గదా సార్. ఉస్తాద్ ఊదినాడు, నేనూ ఊదినా. పని నేర్పేటప్పుడు మొదట నేర్పింది ఇదే. పిల్లోల్లకి పానా పట్టుకోనీరు, డ్రమ్ము ఊదమని ఇస్తారు."

ఈ కడపటి వాక్యం మమ్ములను ఆపివేసింది. షెడ్డులో చేరిన పసివానికి మొట్టమొదట దొరికే పని ఇదన్నమాట. మన పిల్లలకు అక్షరాభ్యాసం వలె, బిస్మిల్లా వేడుక వలె వానికి ఇది మొదటి పాఠం.

ఆ ధూళి ఎట్టిదో విద్యార్థులకు వివరించడం అవసరం. బ్రేకు వేసినప్పుడు ఒరిపిడి వలన విపరీతమైన వేడి పుడుతుంది. ఆ వేడికి కాలకుండా, అరిగినా త్వరగా అరగకుండా ఉండేందుకు గత శతాబ్దంలో ఎక్కువ కాలం లైనింగులలో ఆస్బెస్టాస్ కలిపేవారు. తెలుగులో రాతినార అంటాము. పేరు తగినదే, అది రాయి, కాని నార వలె పోగులుగా చీలుతుంది. చీలి చీలి కంటికి కనబడనంత సన్నని పోగులవుతుంది. ఊపిరితో లోనికి పోయిన పోగును శరీరం కరిగించలేదు, అన్నిటినీ బయటికి నెట్టలేదు. ఊపిరితిత్తులలో మచ్చలు కట్టి ఆయాసం కలిగే జబ్బు, ఊపిరితిత్తుల క్యాన్సరు, వాటి పైపొరకు వచ్చే అరుదైన క్యాన్సరు దీనివలన కలుగుతాయి. అన్ని రకాల ఆస్బెస్టాస్ మానవులకు క్యాన్సరు కలిగించేదేనని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించింది. ఇందులోని క్రౌర్యం ఆలస్యంలో ఉన్నది. పీల్చిన ఇరవై, ముప్పై, ఒక్కొక్కప్పుడు నలభై సంవత్సరాలకు జబ్బు బయటపడుతుంది. పదేళ్ళ వయసులో ఊదినవానికి యాభై వచ్చేసరికి ఆ ఊదడం జ్ఞాపకం కూడా ఉండదు.

ఇది ఎక్కడో దూరదేశపు రాయి అని అనుకోవద్దు. మన జిల్లాలోనే, పులివెందుల ప్రాంతపు బ్రాహ్మణపల్లెలో మేలురకం క్రిసోటైల్ రాతినార గనులు ఉండేవి; భూగర్భశాస్త్ర గ్రంథాలలో దాని పేరు కనబడుతుంది. దేశంలో ఈ గనులకు క్రొత్త కౌళ్ళు ఇవ్వడం 1986లో ఆపినారు. 2005 నాటికి యూరపు సమాఖ్య దేశాలలో ఆస్బెస్టాస్ వాడకం నిషిద్ధమైంది. 2024లో అమెరికా ప్రభుత్వం క్రిసోటైల్ రకాన్ని బ్రేకు లైనింగులతో సహా నిషేధిస్తూ ఉత్తర్వు వెలువరించింది. మన బజారులో మేము కొన్న క్రొత్త షూల పెట్టెమీద ఆస్బెస్టాస్ లేదని అచ్చువేసి ఉన్నది. అదే దుకాణంలో పేరూ ఊరూ లేక, కాగితంలో చుట్టి ఇచ్చే చవకరకం కూడా చూపినారు. వాటిమీద ఏమీ అచ్చు లేదు. మా పాత షూలమీద ఒకప్పుడు ఉన్న ముద్ర కూడా చెరిగిపోయి ఉన్నది. ధూళిని చూసి అందులో ఏమున్నదో చెప్పడం ఎవరి కంటికీ సాధ్యం కాదు. కనుక ఉన్నట్లే భావించి మెలగాలి.

1995 జనవరిలో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ పరిశ్రమల కార్మికుల విషయమై ఒక తీర్పు ఇచ్చింది. కార్మికుని ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని అందులో చెప్పినారు. ప్రతి కార్మికుని ఆరోగ్య వివరాలను, పనిలో చేరిన నాటినుండి కనీసం 40 సంవత్సరాలు, లేదా పని మానిన తరువాత 15 సంవత్సరాలు, వీటిలో ఏది తరువాత వస్తే అంతవరకు భద్రపరచాలని ఆదేశించినారు. జబ్బు నలభై ఏళ్ళు దాగగలదు గనుక రిజిస్టరు నలభై ఏళ్ళు నిలవాలి. గొప్ప ఆదేశమే. ఆ రిజిస్టరు ఉండేది కర్మాగారంలో. వీధి షెడ్డులో ఏ రిజిస్టరు ఉన్నది? ఉస్తాద్ గారు అక్కడ నలభై ఏళ్ళు పనిచేసినారు. వారి పేరు, వారి వద్ద నేర్చిన పిల్లల పేర్లు ఏ పుటలోనూ లేవు. వారి ఆయాసానికి కారణం తేల్చడం వైద్యుల పని. కాని వైద్యుడు తన పని చేయడానికైనా ఈయన ఏమి పీల్చినాడో, ఎంతకాలం పీల్చినాడో ఎవరో ఒకరు వ్రాసి ఉంచాలి గదా.

మేము ఇదంతా కుర్రవానికి చెప్పినాము. తరగతిలో చెప్పినట్లు కాదు, బకెట్టులో గుడ్డ పిండుతూ చెప్పినాము. అతడు వాదించలేదు. డ్రమ్మును తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ఆరనీయకుండా ప్లాస్టిక్కు సంచిలో మూటకట్టినాడు. కాసేపటికి, "అంటే మా ఉస్తాద్‌కి తెలీదు సార్" అన్నాడు. అది ప్రశ్న కాదు. తనకు అన్నం పెట్టే విద్య నేర్పిన మనిషి పక్షాన వకాల్తా పుచ్చుకొని అన్న మాట. తెలియదని మేము కూడా ఒప్పుకొన్నాము. తెలిసి ఎవరూ పసివాని నోటికి దానిని అందించరు.

మిగిలిన పని చకచక సాగింది. సిలిండరు రబ్బరు ఎత్తి చూస్తే కారడం లేదు. క్రొత్త షూలకు చేతి జిడ్డు తగలకుండా అంచులు పట్టుకొని అమర్చినాము. జిడ్డు తగిలిన లైనింగు జారుతుంది. షూలు పలకను రాసే చోట్ల మాత్రం గ్రీజు చుక్కంత పెట్టినాము. స్ప్రింగు బిగించడంలో ఒక ఒడుపు ఉన్నది. కొక్కెం ముందు తగిలించి తరువాత లాగాలి, లాగి తగిలించబోతే ముఖం మీదికి వస్తుంది. ఎడమవైపు ముగిసేసరికి తొమ్మిదిన్నర. కుడివైపు నలభై నిమిషాలలో అయిపోయింది. డ్రమ్ములు ఎక్కించి, కాలిబ్రేకును పదిసార్లు నొక్కి షూలను తమ స్థానంలో కుదురుకోనిచ్చి, చక్రం చేతితో త్రిప్పి చూసినాము. అన్నిటికన్న చివర కేబుల్ నట్టు సవరించాలి. షూలు కుదురకముందే కేబుల్ బిగించేవారు ఉన్నారట. అట్లా చేస్తే బ్రేకు వేయకుండానే షూలు డ్రమ్మును రాస్తూ ఉంటాయి, పెట్రోలు కాలుతుంది, లైనింగు మళ్ళీ అరుగుతుంది.

పరీక్షించడానికి బండిని వీధి పైకి తీసికొనిపోయినాము. ఉస్తాద్ గారు తమ వాకిటిలో కుర్చీ వేసికొని కూర్చొని ఉన్నారు. సలాం చేసి వారి ముందే వాలుమీద నిలిపి, చేతిబ్రేకు లాగి, గేరు తీసివేసినాము. బండి కదలలేదు. వెనుకకు తిప్పి దిగువముఖంగా కూడా నిలిపి చూసినాము. నిలిచింది.

"కిత్నే టిక్ ఆయే, బేటా?" అని అడిగినారు వారు.

కుర్రవాడు అయిదన్నాడు.

"ఛే" అన్నారు ఉస్తాద్ గారు. వారు కుర్చీనుండి లేవలేదు, బండి వైపు చూడను కూడా లేదు. మళ్ళీ లాగించి వింటే ఆరే. కుర్రవాడు సిగ్గుపడి నవ్వి, సీటు వెనుక చేయి దూర్చి నట్టును ఒక్క చుట్టు బిగించినాడు. అప్పుడు అయిదు. ఆ నాలుగు మాటలు ఆడడానికి వారు మూడుసార్లు ఆగి ఊపిరి తీసికొన్నారు. మేము లెక్కపెట్టినాము. క్రొత్త లైనింగు కొంత అరిగి డ్రమ్ముకు సరిపడిన తరువాత, అయిదారు వందల కిలోమీటర్లకు, మరొకసారి టిక్కులు చూసుకోమని వారే చెప్పినారు.

ఆ తరువాతి వారం ఉర్దూ శాఖలోని మిత్రునితో కలిసి షెడ్లలో అంటించడానికి ఒక కాగితం తయారుచేసినాము. డ్రమ్ము నోటితో గాని గాలిపంపుతో గాని ఊదవద్దని, తడిగుడ్డతో తుడవమని, పనిబట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతకవద్దని, పసిపిల్లలను ఆ ప్రక్కకు రానీయవద్దని అందులో ఉన్నది. కుడినుండి ఉర్దూ, ఎడమనుండి తెలుగు బయలుదేరి కాగితం మధ్యలో కలుసుకొంటాయి. శీర్షిక వద్ద మాత్రం మాకు ఒక పూట పట్టింది. మేము "రాతినార ధూళి" అన్నాము. మిత్రుడు ఫార్సీ సమాసమొకటి ప్రతిపాదించినాడు, అందంగానే ఉన్నది. రెండింటినీ కుర్రవానికి చదివి వినిపించినాము. అతనికి రెండూ అర్థం కాలేదు.

"నల్లదుమ్ము అని రాయండి సార్. ఆపక్క కాలా ధూల్ అని రాయండి. మాకు దాని పేరు అదే."

అట్లే వ్రాసినాము.

ఈ సందర్భంలో కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన జాతీయ సేవా పథకం శిబిరాలలో ప్రతి సంవత్సరం రోడ్లు ఊడుస్తున్నాము, మొక్కలు నాటుతున్నాము. వచ్చే శిబిరంలో ఒక్క శుక్రవారం ఈ షెడ్ల పనివారిని మన ఆవరణకు పిలిచి, ఒక వైద్యుని చేత వారి ఊపిరి పరీక్ష చేయించవచ్చు. పేరు, వయస్సు, ఏ ఏట పనిలో చేరినది, ఎన్నేళ్ళు డ్రమ్ములు ఊదినది ఒక రిజిస్టరులో వ్రాసి కళాశాల గ్రంథాలయంలో భద్రపరచవచ్చు. ఖర్చు ఒక దళసరి పుస్తకం వెల, కొన్ని కప్పుల టీ. వ్రాయడానికి మన విద్యార్థులున్నారు; రెండు లిపులూ వచ్చినవారున్నారు. మొదటి పేరు ఎవరిదో మేము ఇప్పుడే చెప్పగలము, వారి అనుమతి కూడా తీసికొన్నాము.

కాగితం మొదటి ప్రతిని కుర్రవాడు ఉస్తాద్ గారి పాత షెడ్డు తలుపుమీద అంటించినాడు. అది మూసి ఉన్నా ఆ ప్రక్కన ఇప్పుడు మూడు షెడ్లు నడుస్తున్నవి, పిల్లలు అక్కడే కూర్చొని అన్నాలు తింటారు. మిగిలిన ప్రతులు తెలుగు శాఖ గదిలోని బీరువా పై అరలో ఉన్నవి. తమ వీధిలో షెడ్డు ఉన్న విద్యార్థులు వచ్చి తీసికొనిపోవచ్చును.